ఇద్దరు గుమాస్తాలు, మధ్యన ఒక చీటీ

రెండేళ్ళ కిందట జూన్ నెలలో మా బడిలో టైం టేబులు వేసే పని నా మీద పడింది. మాది రెండు మాధ్యమాల బడి. తెలుగు మాధ్యమం తరగతులకు నేను వేశాను. కన్నడ మాధ్యమం తరగతులకు నా తోటి ఉపాధ్యాయులు ఒకరు వేశారు. ఆయన కాగితాన్ని ఆయన మూడుసార్లు సరిచూసుకున్నారు, నా కాగితాన్ని నేను నాలుగుసార్లు చూసుకున్నాను. ఎక్కడా తప్పు లేదు. గురువారం మూడో పీరియడు గంట కొట్టేసరికి ఒక తరగతి మైదానంలోనూ, ఇంకో తరగతి వరండాలోనూ ఒకే మనిషి కోసం వరుస కట్టి నిలబడ్డాయి. నా కాగితంలో ఆయన పేరు "డ్రిల్లు మాస్టారు". రెండో కాగితంలో "దైహిక శిక్షకరు". ఇద్దరూ ఒకరేనని మా బడిలో ఒకటో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. కాగితాలకే తెలియదు.

ఈ సంగతి నవ్వుకోవడానికి చెప్పడం లేదు. ఏ కాగితానికి ఆ కాగితం నిర్దోషమై, రెండూ కలిసినప్పుడు మాత్రం పొసగకపోవడం ఎలా జరుగుతుంది? ఆ పొరపాటును రెండు కాగితాలూ కలిపి మళ్ళీ మొదటినుంచి రాయకుండా పట్టుకోవచ్చునా? గణిత తర్కంలో పనిచేసేవారు ఈ ప్రశ్నను చాలా గంభీరంగా తీసుకున్నారు. దానికి వారు చెప్పిన జవాబే ఈనాటి ప్రసంగం. దీన్ని యంత్ర తర్కం అంటారు. కంప్యూటరు చేత తర్కం చేయించడం అన్నమాట.

ముందు యంత్రాన్ని అడిగే ప్రశ్న ఎలా ఉంటుందో చెప్తాను. మనం కొన్ని షరతులు ఇస్తాం. ఇవన్నీ ఏకకాలంలో పొసుగుతాయా, పొసగవా? ఇంతే ప్రశ్న. ఒక ప్రోగ్రాము ఎన్నటికీ తప్పు చేయదని తేల్చుకోవాలంటే ఏం చేస్తారో చూడండి. ఆ ప్రోగ్రాము చేసే పనులన్నిటినీ షరతులుగా రాస్తారు. చివర "తప్పు జరిగింది" అని ఇంకో షరతు కలుపుతారు. అన్నీ కలిపి పొసగవని యంత్రం చెప్పిందంటే తప్పు జరగడం అసాధ్యం. పొసుగుతాయి అందంటే, ఏ విలువలు ఇస్తే తప్పు జరుగుతుందో ఆ విలువలు కూడా చూపిస్తుంది. మనం పిల్లలకు రేఖాగణితంలో "కాదనుకుందాం" అని మొదలుపెట్టి నిరూపించే పద్ధతి ఉందే, అదే ఇది.

ఇంత చేయడం అవసరమా, నాలుగుసార్లు నడిపి చూస్తే చాలదా అని మీరు అడగవచ్చు. ఒక ఉదాహరణ వినండి. నిఘంటువులో మాట వెతకడం మీకు తెలుసు. సరిగ్గా నడిమి పేజీ తీస్తాం. మనకు కావలసిన మాట అంతకు ముందుంటే వెనక సగం వదిలేస్తాం, తర్వాత ఉంటే ముందు సగం వదిలేస్తాం. మిగిలిన సగంలో మళ్ళీ నడిమి పేజీ. ఇలా చేస్తే పది లక్షల మాటల్లో ఒక మాటను ఇరవై చూపుల్లో పట్టుకోవచ్చు. కంప్యూటర్లు పుట్టిన తొలిరోజులనుంచీ ఇదే పద్ధతి వాడుతున్నారు. నడిమి పేజీ కనుక్కోవడం ఎలా? మొదటి పేజీ నెంబరు, చివరి పేజీ నెంబరు కూడి రెండుతో భాగించాలి. అయిదో తరగతి లెక్క. జాన్ బెంట్లీ అనే ఆయన 1986లో వచ్చిన తన పుస్తకంలో ఈ పద్ధతిని సరైనదని తర్కించి మరీ చూపించాడు.

2006లో జాషువా బ్లాక్ అనే ప్రోగ్రామరు దీంట్లో తప్పుందని లోకానికి చెప్పాడు. జావా భాషతో పాటు వచ్చే సరంజామాలో ఈ వెతికే పద్ధతిని రాసింది ఆయనే. ఆ తప్పు సుమారు తొమ్మిదేళ్ళు ఎవరి కంటా పడకుండా అందులో ఉండిపోయింది. సంగతేమిటంటే, అక్కడ సంఖ్యకు కేటాయించిన గడిలో పట్టే అతిపెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. కూడగా వచ్చిన మొత్తం దాన్ని దాటితే యంత్రం ఆగదు, కేక వేయదు. మొత్తాన్ని రుణసంఖ్యగా మార్చేస్తుంది. రుణసంఖ్యలో సగం కూడా రుణమే. అలాంటి నెంబరు గల పేజీ ఏ పుస్తకంలోనూ ఉండదు. జాబితాలో 107 కోట్లకు పైగా పద్దులుంటే తప్ప ఇది బయటపడదు. కాబట్టి వందసార్లు కాదు, లక్షసార్లు నడిపి చూసినా చిన్న జాబితాల మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

ఇక్కడ తప్పెవరిది? రెండు సంఖ్యల సగటు ఆ రెండింటి మధ్యనే ఉంటుందని లెక్కలు తెలిసినవాడు చెప్పాడు. అది సత్యం. గడి నిండితే సంఖ్య తిరగబడుతుందని యంత్రం సంగతి తెలిసినవాడు చెప్తాడు. అదీ సత్యం. పుస్తకంలో లేని పేజీ తీయకూడదని పుస్తకం సంగతి తెలిసినవాడు చెప్తాడు. అదీ సత్యమే. ముగ్గురూ ఒకచోట కూర్చోలేదు, అంతే. తర్వాత దిద్దుబాటు తేలికగానే అయింది. రెండు నెంబర్లనూ కూడకుండా, వాటి తేడాలో సగం తీసి మొదటి నెంబరుకు కలిపితే చాలు.

మరైతే అన్నీ తెలిసిన ఒక్క మహాపండితుణ్ణి తయారు చేయకూడదా? అది జరిగే పని కాదని 1936లోనే తేలిపోయింది. ఏ గణిత వాక్యమిచ్చినా ఔనో కాదో తప్పకుండా తేల్చే ఒకే పద్ధతి ఉండదని అమెరికాలో అలొంజో చర్చ్, ఇంగ్లండులో అలన్ ట్యూరింగ్ వేరువేరుగా నిరూపించారు. కానీ చిన్నచిన్న ఇలాకాలకు అలాంటి పద్ధతులు ఉన్నాయి. 1929లోనే వార్సాలో ప్రెస్‌బుర్గర్ అనే యువకుడు, గుణకారం లేకుండా కూడిక మాత్రమే ఉన్న పూర్ణాంకాల వాక్యాలన్నిటినీ తేల్చే పద్ధతి ఒకటి ఉందని చూపించాడు. ఇలా కూడికల ఇలాకాకు ఒక నిపుణుడు, జాబితాల ఇలాకాకు ఒకడు, యంత్రపు గడుల ఇలాకాకు ఒకడు. ఎవరి ఇలాకాలో వారు తప్పు చేయరు. పొరుగు ఇలాకా మాట వినిపిస్తే మాత్రం దిక్కులు చూస్తారు. చిక్కేమిటంటే, నిజమైన ప్రశ్న ఏదీ ఒకే ఇలాకాలో ఉండదు.

1970ల చివర అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గ్రెగ్ నెల్సన్, డెరెక్ ఓపెన్ అనే ఇద్దరు పాస్కల్ భాషలో రాసిన ప్రోగ్రాములను సరిచూసే యంత్రం మీద పనిచేస్తున్నారు. వారికి ఎదురైన చిక్కు ఇదే. వారు 1979లో అచ్చువేసిన వ్యాసంలో ఒక ఉపాయం చెప్పారు. నిపుణులకు ఒకరి విద్య ఒకరికి నేర్పవద్దు. వారి మధ్య చీటీలు నడపండి. చీటీ మీద ఒకే రకం మాట రాయవచ్చు: "ఫలానాదీ ఫలానాదీ ఒకటే." అంతకు మించి ఒక్క అక్షరం అక్కరలేదు.

మొదటిసారి చదివినప్పుడు ఇది నాకు నచ్చలేదు. రెండు భాషలూ నేర్పి అన్నం తినేవాణ్ణి నేను. మన బళ్ళారి, రాయచూరు, హోసూరు వైపు మనుషులం పక్కవాడి భాష నేర్చుకునే గదా బతుకుతున్నాం. నేర్చుకోవద్దు, పేర్లు కలిస్తే చాలు అంటే నమ్మబుద్ధి కాలేదు. అందుకని కాగితం మీద వేసి చూశాను. మీరూ ఒక పెన్సిలు తీసుకోండి. మెల్లిగా చెప్తాను.

ఇద్దరు గుమాస్తాలున్నారు. ఒకాయన లెక్కల గుమాస్తా. కూడిక, తీసివేత, ఎక్కువ తక్కువలు ఆయనకు తెలుసు. ఇంకేమీ తెలియదు. రెండో ఆయన రిజిస్టరు గుమాస్తా. ఆయనకు తెలిసింది ఒకే ఒక్క సూత్రం: నెంబరు ఒకటే అయితే పేజీ ఒకటే, పేజీ ఒకటే అయితే దాని మీద ఉన్న మార్కులూ ఒకటే. మూడు పెద్దదా అయిదు పెద్దదా అని అడిగితే ఆయన చెప్పలేడు. రిజిస్టరులో ఏ నెంబరు చెప్పినా పేజీ ఉందనుకోండి, సున్నా నెంబరుకు కూడా.

రాము, సోము, గిరి అని ముగ్గురు పిల్లలు. ముగ్గురికీ నెంబర్లున్నాయి. షరతులు నాలుగు. ఒకటి, రాము నెంబరు సోము నెంబరును మించదు. రెండు, సోము నెంబరుకు గిరి నెంబరు కలిపితే వచ్చేది రాము నెంబరును మించదు. మూడు, గిరి నెంబరు సున్నాకు తక్కువ కాదు. నాలుగోది కొంచెం మెలిక ఉన్నది. రాము పేజీలోని మార్కుల్లోంచి సోము పేజీలోని మార్కులు తీసేయండి. వచ్చిన తేడానే నెంబరుగా పెట్టుకుని ఆ పేజీ తీయండి. ఆ పేజీలోని మార్కులూ, గిరి పేజీలోని మార్కులూ వేరువేరు. ఈ నాలుగూ కలిసి పొసుగుతాయా?

నాలుగో షరతులో తీసివేతా ఉంది, పేజీలూ ఉన్నాయి. దాన్ని అలాగే ఇస్తే ఇద్దరికీ అర్థం కాదు. అందుకని ముందు దాన్ని విడదీయాలి. మధ్యలో వచ్చేవాటికి పేర్లు పెడదాం. రాము పేజీలో ఉన్నవి "రాము మార్కులు", సోము పేజీలో ఉన్నవి "సోము మార్కులు", తీసివేయగా వచ్చింది "తేడా". ఇప్పుడు రాము మార్కుల్లోంచి సోము మార్కులు తీస్తే తేడా అనే వాక్యం లెక్కల గుమాస్తాకు వెళ్తుంది, మొదటి మూడు షరతులతో పాటు. రాము పేజీలో రాము మార్కులున్నాయి, సోము పేజీలో సోము మార్కులున్నాయి, తేడా పేజీకీ గిరి పేజీకీ మార్కులు వేరు అనే వాక్యాలు రిజిస్టరు గుమాస్తాకు వెళ్తాయి. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి పేర్లు మాత్రమే.

ఇప్పుడు విడివిడిగా అడగండి. లెక్కల గుమాస్తా తన కాగితం చూసి "నాకేం అభ్యంతరం లేదు" అంటాడు. రిజిస్టరు గుమాస్తా కూడా "నాకేం అభ్యంతరం లేదు" అంటాడు. సరిగ్గా మా బడి టైం టేబుళ్ళే.

చీటీలు నడపండి. లెక్కల గుమాస్తా ఆలోచిస్తాడు. సోము నెంబరు రాముదానికి తక్కువ కాదు. దానికి సున్నాకు తక్కువ కాని గిరి నెంబరు కలిపినా రాము నెంబరును మించలేదు. కాబట్టి గిరి నెంబరు సున్నా, రాము నెంబరూ సోము నెంబరూ సమానం. మొదటి చీటీ రాస్తాడు: "రాము నెంబరూ సోము నెంబరూ ఒకటే." ఎందుకు ఒకటో రాయడు, రాసినా రెండో ఆయనకు అర్థం కాదు. రిజిస్టరు గుమాస్తా చీటీ చూసి, నెంబరు ఒకటైతే పేజీ ఒకటే గదా అని రెండో చీటీ రాస్తాడు: "రాము మార్కులూ సోము మార్కులూ ఒకటే." అది లెక్కల గుమాస్తాకు చేరుతుంది. ఆయన తీసివేత చేస్తాడు, తేడా సున్నా వస్తుంది. గిరి నెంబరు కూడా సున్నాయేనని ఆయన ఇంతకుముందే తేల్చాడు. మూడో చీటీ: "తేడా, గిరి నెంబరు ఒకటే." రిజిస్టరు గుమాస్తా అది చూసి లేచి నిలబడతాడు. "నెంబర్లు ఒకటైతే ఆ రెండు పేజీల మార్కులు వేరువేరని నా దగ్గరెలా రాశారు? పొసగదు!"

మూడు చీటీలు. తీసివేత రాని మనిషి తీసివేత ఉన్న సమస్యకు తీర్పు చెప్పాడు. దీన్ని నేను పదో తరగతి పిల్లలిద్దరిని బల్లకు ఈ పక్కా ఆ పక్కా కూర్చోబెట్టి చేయించాను. ఆ రోజు గంట కొట్టినా వాళ్ళు లేవలేదు.

అయితే చీటీలు అయిపోయి, ఇద్దరూ ఇంకా "అభ్యంతరం లేదు" అంటే అప్పుడు నిజంగానే పొసుగుతుందని నమ్మవచ్చునా? అసలు విషయం ఇక్కడుంది. ఒకే తాలూకాకు రెవెన్యూవారి పటం ఒకటి, నీటిపారుదలవారి పటం ఒకటి ఉంటాయి. ఒకదాంట్లో పొలాలూ ఊళ్ళూ, ఇంకోదాంట్లో కాలువలూ తూములూ. రెంటిలోనూ కనిపించేవి సర్వేరాళ్ళు. రాయి మీద రాయి సరిగ్గా పడితే రెండు పటాలనూ ఒకదాని మీద ఒకటి పరచి ఒకే పటం చేయవచ్చు. ఇక్కడ ఉమ్మడి పేర్లే సర్వేరాళ్ళు. ఏ పేర్లు ఒకటి, ఏ పేర్లు వేరు అన్న విషయంలో ఇద్దరు గుమాస్తాల ఊహా ఏకీభవిస్తే ఇద్దరి ప్రపంచాలనూ అతికించి ఒక ప్రపంచం చేయవచ్చు. నెల్సన్, ఓపెన్‌లు నిరూపించినదాని సారం ఇదే.

దీనికి రెండు మెలికలున్నాయి. రెండూ మన బళ్ళలో ఎదురయ్యేవే.

మొదటిది. రాము నెంబరు పూర్ణాంకం, ఒకటికి తక్కువ కాదు, రెండుకు ఎక్కువ కాదు. రాము పేజీ మార్కులు ఒకటో పేజీ మార్కులతో కలవవు, రెండో పేజీ మార్కులతోనూ కలవవు. పొసగదని మీకు వెంటనే తెలుస్తుంది. కానీ లెక్కల గుమాస్తా ఏ చీటీ రాస్తాడు? "రాము నెంబరు ఒకటి" అని రాయలేడు, "రెండు" అనీ రాయలేడు. "ఒకటైనా కావాలి, రెండైనా కావాలి" అని మాత్రమే రాయగలడు. అటువంటి చీటీ అందుకున్నవాడు రెండు దారులూ నడిచి చూడాలి. అలాంటి చీటీలు పది వస్తే దారులు 1024. ఇరవై వస్తే పది లక్షలకు పైమాట. నెంబర్లు భిన్నాలు కూడా కావచ్చు అంటే ఈ గొడవే లేదు, రాముకు ఒకటిన్నర ఇచ్చి ఊరుకోవచ్చు. బడిలో మనం పూర్ణాంకాలు సులువు, భిన్నాలు కష్టం అని చెప్తాం. యంత్ర తర్కంలో వ్యవహారం తలకిందులు. భిన్నాల ఇలాకా వంటివాటికి, అంటే "ఇదైనా అదైనా" చీటీలు ఎన్నడూ అక్కరలేని ఇలాకాలకు, వారు భూతద్దాల పాఠంలో మనం చదువుకున్న "కుంభాకారం" అన్న పేరే పెట్టారు.

రెండో మెలిక ఇంకా సూక్ష్మమైనది. పరీక్షల గదుల సంగతి అనుకోండి. కన్నడ విభాగపు గుమాస్తాకు బడిలో రెండే గదులున్నాయని తెలుసు. తెలుగు విభాగపు గుమాస్తా దగ్గర మూడు పరీక్షలు, మూడింటికీ వేరువేరు గదులు కావాలి. మొదటి పరీక్ష గది పేరు ఇద్దరి కాగితాల్లోనూ ఉంది. మిగతా రెండు గదుల పేర్లు తెలుగు కాగితంలోనే ఉన్నాయి. చీటీలు నడపండి చూద్దాం. ఉమ్మడి పేరు ఒక్కటే ఉన్నప్పుడు ఏది దేనితో సమానమని రాయాలి? ఒక్క చీటీ కూడా పుట్టదు. ఇద్దరూ "అభ్యంతరం లేదు" అంటారు. పరీక్ష రోజు మాత్రం ఒక తరగతి చెట్టుకింద కూర్చుంటుంది. "ఉన్నవి రెండే" అన్న మాటను ఆ చీటీల భాషలో చెప్పడానికి వీల్లేదు, అదీ లోపం. పటాల భాషలో చెప్పాలంటే, రెండు పటాలూ ఎంత కావాలంటే అంత సాగేవి అయితేనే అతుకుతాయి. ఒకటి సాగనని మొరాయిస్తే రాళ్ళు కలిసినా పటాలు కలవవు. ఈ షరతును ఓపెన్ 1980లో అచ్చయిన ఇంకో వ్యాసంలో విడిగా పేర్కొన్నాడు. సాగని ఇలాకాలను కలపడానికి కొత్త పద్ధతులు 2000 సంవత్సరం తర్వాత గాని రాలేదు. వాటిలో లెక్కకు సంబంధించిన మాటను కూడా చీటీల్లోకి తెచ్చారు.

మొదటి మెలికకు మందు ఇంకో చోటునుంచి వచ్చింది. "ఇదైనా అదైనా" చిక్కులను విప్పడమే వృత్తిగా గల మూడో గుమాస్తా ఒకడు అప్పటికే ఉన్నాడు. 1960లో మార్టిన్ డేవిస్, హిలరీ పట్నం మొదలుపెట్టగా, 1962లో డేవిస్, లోగెమన్, లవ్‌లాండ్ దిద్దిన పద్ధతి అది. ఒక దారి పట్టుకుని పోతాడు, మూసుకుపోతే వెనక్కి వచ్చి రెండో దారి పడతాడు. చాలాకాలం ఇది నెమ్మదిగానే నడిచింది. 1990లలో ఒక చిన్న తెలివి అబ్బింది. దారి మూసుకుపోయినప్పుడు ఊరికే వెనక్కి రాకుండా, ఎందుకు మూసుకుపోయిందో కారణం రాసిపెట్టుకోవడం. ఆ కారణం ఇంకో వంద దారులకు కూడా వర్తిస్తే వాటిలో అడుగే పెట్టనక్కరలేదు. ఈ మూడో గుమాస్తాను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, మిగతా నిపుణులను చుట్టూ కూర్చోబెట్టారు. ఇప్పుడు ఎస్.ఎం.టి. సాల్వర్లు అని పిలిచే యంత్రాల అమరిక ఇదే. పెద్ద కుర్చీలోని ఆయన ఒక దారి సూచిస్తాడు, నిపుణులు తమలో తాము చీటీలు నడుపుకుని "పొసగదు, కారణమిది" అని చెప్తారు, ఆయన ఆ కారణం పద్దు రాసుకుని ఇంకో దారి సూచిస్తాడు.

ఇక్కడ ఇంకొకరి కథ చెప్పకపోతే అన్యాయమవుతుంది. అదే కాలంలో కాలిఫోర్నియాలోని ఎస్.ఆర్.ఐ. అనే పరిశోధన సంస్థలో రాబర్ట్ షోస్టాక్ ఇదే సమస్యకు వేరే పరిష్కారం చెప్పాడు. ఆయన వ్యాసం 1984లో వచ్చింది. నిపుణులను విడివిడిగా కూర్చోబెట్టకుండా, ప్రతి ఇలాకాలోనూ సమీకరణాన్ని సాధించి పెట్టే పనివాణ్ణి ఒకణ్ణి పెట్టి, అందరినీ ఒకే యంత్రంలో బిగించాడు. వేగంగా నడుస్తుందని చాలామంది దాన్నే అనుసరించారు. పదిహేడేళ్ళు గడిచాయి. 2001లో హారల్డ్ రూస్, నటరాజన్ శంకర్ అనే ఇద్దరు ఆ పద్ధతిని మరకు మర విప్పి చూశారు. శంకర్ మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి, అమెరికా వెళ్ళి అదే ఎస్.ఆర్.ఐ.లో పనిచేస్తున్నవారు. విప్పి చూస్తే తేలిందేమిటి? ఆ పద్ధతి కొన్ని సమస్యల మీద ఎప్పటికీ ఆగదు. ఇంకొన్నిటిని పొసగనివని పట్టుకోవలసి ఉండగా పట్టుకోలేదు. దాన్ని అనుసరించి అచ్చయిన పద్ధతులకూ ఆ దోషాలు అంటుకున్నాయి. వారిద్దరూ దాన్ని సరిదిద్ది, సరైనదని నిరూపణ కూడా ఇచ్చారు.

ఇతరుల తప్పులు పట్టడానికి పెట్టిన యంత్రంలోనే తప్పు దాగి ఉంది, అదీ పదిహేడేళ్ళు. పేపర్లు దిద్దే మాకు ఇది కొత్త కాదు. మేము దిద్దిన పేపరు మీద కూడా ఇంకొకరు కళ్ళు పెట్టాలి. అందుకే ఈనాటి యంత్రాల్లో మంచివి కొన్ని, "పొసగదు" అని ఊరికే చెప్పి ఊరుకోకుండా, ఎలా పొసగదో అడుగడుగునా రాసి ఇస్తాయి. ఆ రాతను ఇంకో చిన్న ప్రోగ్రాము సరిచూస్తుంది. నిరూపణ వెతకడం కష్టం గాని, ఎవరో రాసి ఇచ్చినదాన్ని సరిచూడడం సులువు గదా.

ఇప్పుడు ఈ విద్య ఎంతదాకా వచ్చిందో రెండు మాటల్లో చెప్తాను. మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో లియొనార్డో ద మౌరా, నికొలాయ్ బ్యోర్నర్ కలిసి తయారుచేసిన జెడ్-త్రీ అనే సాల్వరు 2008లో వ్యాసరూపంలో వెలుగు చూసింది. 2015నుంచి అది ఎవరైనా ఉచితంగా తీసుకుని, విప్పి చూసి, మార్చుకోగలిగిన రూపంలో దొరుకుతున్నది. మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. మన రాము, సోము, గిరి సమస్యను దానికి ఇస్తే కళ్ళు మూసి తెరిచేలోగా "పొసగదు" అంటుంది. ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికీ, పెద్ద కంపెనీల కంప్యూటర్లలో ఎవరికి ఏ దస్త్రం చూసే అధికారముందో సరిచూడడానికీ ఇటువంటివి వాడుతున్నారు. ఈ రంగంలో ఇచ్చే హెర్‌బ్రాండ్ పురస్కారం 2013లో నెల్సన్‌కు, 2019లో ద మౌరా, బ్యోర్నర్‌లకు, 2022లో శంకర్‌గారికి వచ్చింది. నెల్సన్ 2015లో కన్నుమూశాడు.

మా టైం టేబులు సంగతి. మరుసటి ఏడు కూడా రెండు కాగితాలే వేశాం. ఒకరి కాగితం ఒకరు చూడలేదు. మూడో కాగితం ఒకటి మధ్యన పెట్టుకుని ఒకే రకం మాటలు రాశాం: "డ్రిల్లు మాస్టారు, దైహిక శిక్షకరు ఒకటే. సైన్సు గది, ప్రయోగాలయ ఒకటే. మా మధ్యాహ్నం మొదటి పీరియడు, మీ అయిదో అవధి ఒకటే." పదకొండు వరుసలైంది. ఆ పదకొండు వరుసలతో నాలుగు ఇరకాటాలు ముందే బయటపడ్డాయి. అయిదోది మాత్రం ఆగస్టులో గాని బయటపడలేదు. బడిలో ఉన్నది ఒకటే ప్రొజెక్టరు, దానికి ఎవరి కాగితంలోనూ పేరు లేదు.

వినే పిల్లలకు ఒక చిన్న సమస్య ఇచ్చి సెలవు తీసుకుంటాను. రాము నెంబరు సోము నెంబరును మించదు. సోము నెంబరు గిరి నెంబరును మించదు. గిరి నెంబరు రాము నెంబరును మించదు. రాము మార్కులూ గిరి మార్కులూ కలిపితే సోము మార్కులకు రెండింతలు రాదు అని ఎవరో అన్నారు. ఇది పొసుగుతుందా? ఇద్దరు గుమాస్తాల మధ్య ఎన్ని చీటీలు నడవాలి? చివరి తీర్పు ఈసారి ఏ గుమాస్తా చెప్తాడు? ఇంట్లో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, మాట్లాడుకోకుండా, చీటీలతోనే చేసి చూడండి.